అద్దంలో అతుకు

ఫ్యాక్టరీలో బాయిలరు గొట్టానికి చిల్లి పడిందనుకోండి. ఆ చిల్లి ముందువైపు ఉంటే ఏ వెల్డరైనా వచ్చి పూడుస్తాడు. గోడవైపు ఉంటేనే చిక్కు. గొట్టానికీ గోడకీ మధ్య సందులో చెయ్యి దూరుతుంది, తల దూరదు. అప్పుడు అక్కడున్నవాళ్ళంతా ఒకరి ముఖాలొకరు చూసుకుని, చివరికి అద్దాలావిడకి ఫోన్ చేస్తారు. ఆవిడ వచ్చి పెట్టె తెరుస్తుంది. అందులో కరిగించి అతుకు వేసే రాడ్లు, సుత్తి, తీగచుట్ట, పాత గుడ్డలో చుట్టిన మూడు అద్దాలు ఉంటాయి. ఒక అద్దాన్ని తీగతో గోడవైపు కట్టి, అందులో చూస్తూ, కంటికి ఎదురుగా లేని చోట అతుకు వేసి వెళ్ళిపోతుంది.

ఆవిడకిప్పుడు యాభై దాటాయి. పని ముగించి టీ తాగుతుంటే ఎవరో ఒకరు అడగకమానరు, "ఈ పని మీకెవరు నేర్పారండీ?" అని. ఆవిడ ముఖం చూడాలి అప్పుడు. బస్సు నెంబరు మరిచిపోయి స్టాపులో నిలబడ్డ మనిషిలా అయిపోతుంది.

"ఒక వెధవ," అంటుంది ముందు. టీ ఒక గుక్క తాగి, "మా మాస్టారు," అంటుంది. ఇంకో గుక్క తాగి, "నేర్పాడో లేదో తెలీదండీ," అంటుంది.

అడిగినవాడు నవ్వుతాడు. ఆవిడ నవ్వదు.

గురువుల గురించి రాసేటప్పుడు మనకో జబ్బుంది. మనిషి ఎంత దుర్మార్గుడైనా సరే, శిష్యుల్లో ఒకడు పైకొచ్చాడంటే చాలు, ఆ దుర్మార్గం వెనక ప్రేమ ఉండే ఉంటుందని తేల్చేస్తాం. పైకి కఠినం, లోపల వెన్న అంటాం. పదవీ విరమణ సభల్లో ఈ వెన్న ఎంత కరిగిందో చెప్పలేం. పైకి రానివాళ్ళని ఆ సభలకి పిలవరు కాబట్టి వెన్న తగలనివాళ్ళ సంగతి తెలిసే దారి లేదు. ఈ కథలో వెన్న ఉందో లేదో నేను చెప్పలేను. ముప్పై రెండేళ్ళుగా ఆవిడే చెప్పలేకపోతోంది.

*

పంతొమ్మిదేళ్ళప్పుడు ఆవిడ వెల్డింగ్ శిక్షణ కేంద్రంలో చేరింది. తల్లి బట్టలు కుట్టేది. ఇంట్లో ముందుగది సగం ఊరివాళ్ళ బట్టలతో నిండి ఉండేది. మిగతా సగంలో మిషను, మిషను పక్కన మంచం. కూతురు కూడా కుట్టుపనిలో కూర్చుంటుందని తల్లి ఎదురుచూసింది.

"బట్టలు చిరిగిపోతాయమ్మా. ఇనుం చిరగదు," అంది కూతురు.

"తుప్పు పడుతుందే," అంది తల్లి. అయినా అడ్డు చెప్పలేదు. మందపాటి గుడ్డతో చేతులకి తొడుగులు కుట్టి ఇచ్చింది.

శిక్షణ కేంద్రమంటే ఒక పెద్ద రేకుల షెడ్డు. లోపల రెండు వరసల్లో ఎనిమిది గదులు. మూడువైపులా రేకు, నాలుగోవైపు వెలుగు బయటికి రాకుండా మందపాటి ఎర్ర తెర. దాన్నే గది అనేవారు. రేకు మీద తెల్లరంగుతో నెంబరు. పొద్దున అందరూ పని మొదలెడితే పెద్ద మూకుడులో ఏదో వేగుతున్నట్టు షెడ్డంతా చిటపటలాడేది. తలుపు దగ్గర ఒక ఖాళీ పీపా. పనికిరాని ముక్కలు పడేది అందులోనే.

మాస్టారు పొట్టి మనిషి. పళ్ళ మధ్య ఎప్పుడూ ఒక అగ్గిపుల్ల. వెల్డింగ్ చేసినప్పుడు అతుకు మీద నల్లగా పెంకు కడుతుంది, దాన్ని చిట్టెం అంటారు. సుత్తితో రాల్చేస్తే గానీ కింద అతుకు ఎలా ఉందో తెలియదు. ఆయన పిల్లలందరినీ ఆ పేరుతోనే పిలిచేవాడు. "ఒరేయ్ ఒకటో చిట్టెం!" "ఏయ్ మూడో చిట్టెం!" అని, గది నెంబరు కలిపి. పిల్లలు ఊరుకుంటారా, ఆయనకి చిట్టెం మాస్టారని పేరు పెట్టేశారు.

ఆయన పాఠం చెప్పే తీరు ఇది. ముక్క తీసుకెళ్ళి ఇస్తే సుత్తితో రెండు దెబ్బలు వేసి, బొటనవేలితో అతుకు చుట్టూ ఒకసారి తడిమి, పీపాలోకి విసిరేవాడు. ఠంగ్. అంతే పాఠం.

"ఏం తప్పు మాస్టారూ?" అని అడిగితే, "పుట్టడం," అనేవాడు.

తప్పేంటో చెబితే దిద్దుకుంటాం కదా అని ఒక కుర్రాడు నోరు జారాడు. వారం రోజులు వాడితో షెడ్డు ఊడిపించాడు. ఎనిమిది గదులకి పదకొండు మందిని చేర్చుకోవడం కూడా ఆయన లెక్క ప్రకారమే. ముగ్గురు మొదటి నెలలోనే పారిపోతారని ఆయనకు తెలుసు, పారిపోయారు. అందులో ఒకాయన ఇప్పుడు వ్యాను నడుపుతాడు. షెడ్డున్న వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే ఇప్పటికీ వ్యాను అద్దం పైకెత్తేస్తాడట, ఆ చిటపట వినపడకుండా.

ఆ అమ్మాయికి దక్కింది మూడో గది. "కుట్టుపనావిడ కూతురివా? అయితే గుండీలు కుట్టుకోక ఇక్కడెందుకే?" అన్నది ఆయన మొదటి పలకరింపు.

ఆ అమ్మాయి అన్నీ సహించిందంటే కారణం ఒక పరీక్ష. ఆవిరి పారే పైపుల మీద పనిచేయాలంటే దానికి వేరే పరీక్ష ఉండేది. ఆ కార్డు చేతిలో ఉంటే బాయిలర్లు, పెద్ద పెద్ద గొట్టాలు. లేకపోతే బతుకంతా కిటికీ ఊచలూ గేట్లూ. ఆ పరీక్షకి ఎవరు కూర్చోవాలో మాస్టారు సంతకం పెట్టి పంపాలి. ఆ సంతకం లేనివాళ్ళు పరీక్ష రోజున మిగతావాళ్ళ పైపుల అంచులు అరగదీసి ఇస్తూ కూర్చోవాలి. అమ్మాయికి కావలసిందల్లా ఆ ఒక్క సంతకం.

*

నాలుగో నెలలో ఒకరోజు ఆమె వేసిన అతుకుల నిండా చిన్నచిన్న రంధ్రాలు వచ్చాయి. పురుగు కొట్టిన పండులా ఉంది ముక్క. మళ్ళీ వేసింది, మళ్ళీ అంతే. చెయ్యి అదే, మిషను అదే. మాస్టారు ఆ ముక్కని అందరికీ ఎత్తి చూపించి, "ఇదిగో, టీ వడకట్టుకోవచ్చు," అన్నాడు. అందరూ నవ్వారు. ఠంగ్.

ఏడుపు ఆపుకుంటూ స్టోరులోకి వెళ్ళింది. స్టోరు చూసే ముసలాయన్ని అందరూ తాతా అనేవారు. ఆయన ఆమె చేతిలో రాడ్లు తీసుకుని, రెంటిని ఒకదానికొకటి తగిలించాడు. డబ్ మంది.

"తడిసిన రాడ్లే ఇవి. వీటితో వేస్తే అతుకు నిండా చిల్లులే. పొడి రాడ్లయితే గంటలా మోగాలి. విను," అని కొత్త కట్టలోంచి రెండు తీసి తగిలించాడు. ణంగ్ మంది.

"ఎలా తడిశాయి తాతా?"

"కప్పు కారుతోందిగా."

"నిన్న వాన లేదుగా?"

తాత చాలాసేపు కప్పువైపు చూశాడు. "లేదు కదూ," అన్నాడు. "పొద్దున మీ మాస్టారు మాత్రం వచ్చి వెళ్ళాడు."

ఆ రోజు నుంచి ఆమె చెవి దగ్గర తగిలించి వినకుండా రాడ్డు వెలిగించలేదు. ఇప్పటికీ అంతే. మాస్టారే తడిపాడా? తడిపితే నేర్పడానికా, ఏడిపించడానికా? నేర్పడానికైతే రెండు ముక్కలు చెప్పొచ్చు కదా, నోటికేం రోగం? వీటిలో ఒక్కదానికీ ఆమెకి జవాబు దొరకలేదు.

*

ఎనిమిదో నెలలో మాస్టారి మేనల్లుడు దిగాడు. చక్కగా దువ్విన జుట్టు, ఇస్త్రీ చొక్కా. షెడ్డు చూసి వాడి ముఖం ఆస్పత్రి చూసినవాడి ముఖంలా అయిపోయింది. మాస్టారు నేరుగా మూడో గదికి వచ్చి తెర లాగాడు.

"సామాను తీసుకుని బయటికి రా."

"ఎందుకు మాస్టారూ?"

"మూడో నెంబరు ఇక వీడిది."

"మరి నేను?"

షెడ్డు చివర, విరిగిన బల్లలు పడేసే మూల చూపించాడు. దానికి రేకు లేదు, తెర లేదు, నెంబరు లేదు. గోడకి జానెడు దూరంలో ఒక పైపు నిలువుగా నేలలో పాతి ఉంది. పిల్లలు దాన్ని తర్వాత తొమ్మిదో గది అనడం మొదలుపెట్టారు. పైపు కదలదు. ముందువైపు అతుకు వేయొచ్చు. గోడవైపు ఏమవుతోందో కనపడదు.

మేనల్లుడు మధ్యాహ్నం ఆమె దగ్గరికి వచ్చాడు. "నీ గది లాక్కున్నందుకు ఏమీ అనుకోకు. నాకీ పని అస్సలు ఇష్టం లేదు."

"మరెందుకు వచ్చావ్?"

"మా అమ్మకి ఇష్టం. మా అమ్మంటే మావయ్యకి భయం."

మర్నాడు మాస్టారు అటుగా వచ్చినప్పుడు ఆమె అడిగింది. "వెనకవైపు కనపడట్లేదు మాస్టారూ. ఎలా వెయ్యాలి?"

"అద్దం పెట్టుకో. మీ ఆడవాళ్ళకి అద్దం కొత్తా?"

ఎనిమిది గదుల తెరలు కదిలేంత నవ్వు. వాళ్ళెవరికీ అందులో పాఠం వినపడలేదు, ఆమెకీ వినపడలేదు. చెంపలు మండిపోయాయి. ఆ మంటతోనే ఇంటికి వెళ్ళి, కుట్టించుకున్నవాళ్ళు బట్టలు తొడుక్కుని చూసుకోవడానికి తల్లి పెట్టిన చేతి అద్దాన్ని సంచిలో వేసుకొచ్చింది. అందరూ చూస్తుండగా తీగ మెలితిప్పి పైపు వెనక కట్టింది. నవ్వండిరా ఇప్పుడు, అన్నట్టుగా.

కట్టడం తేలికే. అద్దంలో చూస్తూ చెయ్యి కదపడం మాత్రం నరకం. చెయ్యి దగ్గరికి తెస్తే అద్దంలో దూరంగా పోతుంది. దూరంగా జరిపితే మీదికొస్తుంది. హెల్మెట్‌కి ఉండే నల్లగాజులోంచి చూస్తే కరిగిన ఇనుం మెరుపు తప్ప మరేమీ కనపడదు. ఆ మెరుపు కూడా తప్పు దిక్కుకి పరిగెడుతుంది. రాడ్డు అతుక్కుపోయేది. బొట్టు జారి బూటు మీద పడేది. సాయంత్రానికి తనకి రెండు చేతులున్నాయో నాలుగున్నాయో తెలిసేది కాదు.

ఇంటి దగ్గర సాధన మొదలెట్టింది. అద్దంలో చూస్తూ కాగితం మీద గీతలు గీసింది. అద్దంలో చూస్తూ సూదిలో దారం ఎక్కించింది. కంచం వైపు చూడకుండా అద్దంలో చూస్తూ తింటుంటే తల్లి మిషను ఆపేసింది.

"ఏంటే ఇది?"

"పని నేర్చుకుంటున్నానమ్మా."

"తిండి నోట్లో పెట్టుకోవడం కూడా మళ్ళీ నేర్చుకుంటున్నావా? చెవిలో పోసుకుంటున్నావే తల్లీ, తుడుచుకో!"

రెండు నెలలు మనిషి మనిషిలా లేదు. వీధి మలుపులో ఎడమకు తిరగబోయి కుడికి తిరిగేది. ఒకసారి అచ్చం తమ ఇంటి తలుపులాంటి తలుపు తోసుకుని వెళ్ళి, బూట్లు విప్పి, ఎవరో పెద్దాయన మంచం మీద కూర్చుంది. ఆయన పేపరు దించి, "మంచినీళ్ళు కావాలామ్మా?" అని మర్యాదగా అడిగాడు.

అద్దం కట్టిన మూడో నెలలో ఒకరోజు, ఎందుకో, చెయ్యి తనంతట తనే అద్దం చెప్పినట్టు వెళ్ళింది. ఆమె ఏమీ అనుకోలేదు, ఏమీ తిరగేసి లెక్క కట్టలేదు. అతుకు పడింది. చిట్టెం రాలిస్తే చేప పొలుసుల్లా వరసగా మెరిసింది.

*

పరీక్ష జాబితా గోడకి అంటించిన రోజు అందులో ఏడుగురి పేర్లున్నాయి. మూడో నెంబరు ఎదురుగా మేనల్లుడి పేరు. ఆమె పేరు లేదు.

అప్పటికే జాబితా కట్టబోతున్నారని తెలిసి, ముందురోజు ఆదరాబాదరాగా ఒక ముక్క పూర్తిచేసి పెట్టుకుంది. దాన్ని కోసి తీసుకుని మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"నా పేరు ఎందుకు లేదు మాస్టారూ?"

"అందరూ ముందునుంచి అతుకు వేస్తుంటే నువ్వు వెనకనుంచి వేస్తున్నావు. ఆ వేషం ఎవడు వెయ్యమన్నాడు నిన్ను?"

"మీరే. అద్దం పెట్టుకోమన్నారు."

"నేనా?" అగ్గిపుల్ల ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మారింది. "అది జోకే, పిచ్చిదానా."

ఆమె ముక్కని బల్ల మీద పెట్టింది. "దీన్లో తప్పు చూపించండి. చూపిస్తే రేపట్నుంచి రాను."

ఆయన సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. బొటనవేలు అతుకు చుట్టూ తిరిగింది. వెనకవైపు ఒకచోట ఆగింది. మళ్ళీ తిరిగింది. అన్ని నెలల్లో ఆయన వేలు రెండోసారి తిరగడం ఆమె చూడలేదు.

ఠంగ్.

"వెళ్ళి అంచులు అరగదియ్యి," అన్నాడు.

*

పరీక్ష రోజున బయటినుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చెవుల్లో దూది పెట్టుకున్న ముసలాయన. బాయిలర్ల మధ్యే నెత్తి నెరిసింది. ప్రతి ఒక్కరూ అంతకుముందు వేసిన మంచి ముక్కల్ని ఒక రేకు పెట్టెలో దాచాలి. ముక్క మీద గది నెంబరు గుద్ది ఉండాలి. ఇన్‌స్పెక్టరు ముందు ఆ పెట్టెలు చూశాకే పరీక్ష పెడతాడు.

మూడో నెంబరు పెట్టెలో ఆయన ఒక ముక్క దగ్గర ఆగిపోయాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. కళ్ళజోడు తీసి చూశాడు.

"మూడో నెంబరు ఎవరు?"

"నేనే సార్," అన్నాడు మేనల్లుడు.

"ఇది నువ్వు వేసిందేనా?"

మేనల్లుడు మావయ్యవైపు చూశాడు. మావయ్య అగ్గిపుల్ల నములుతూ కప్పువైపు చూస్తున్నాడు.

"నేనే సార్."

"అద్దం పెట్టుకునా?"

"అద్దమెందుకు సార్? ఇంట్లోనే దువ్వుకుని వచ్చాను."

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. "పైపు చుట్టూ తిరుగుతూ అతుకు వేస్తే పొలుసులన్నీ ఒకే దిక్కుకి పడుకుంటాయి బాబూ. ఇందులో చూడు, వెనకవైపు మధ్యలో రెండు వరసలు ఎదురెదురుగా వచ్చి కలిశాయి. మనిషి వెనక్కి వెళ్ళలేక, రెండు పక్కలనుంచీ చేతులు పోనిచ్చి, అద్దంలో చూస్తూ వేసిన అతుకు ఇది. నేను ఇలాంటిది చూసి పదిహేనేళ్ళయింది. ఏదీ, ఆ మూల పైపుకి ఇలాంటిదే ఇంకోటి వెయ్యి."

మేనల్లుడు మూల పైపువైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "సార్, నిజం చెబితే పంపించేస్తారా?"

"ఎక్కడికి?"

"ఇంటికి."

"తప్పకుండా."

"అయితే అది నాది కాదు సార్," అన్నాడు వాడు, గుండెల మీంచి బరువు దిగిపోయినట్టు. "ఆ అమ్మాయిది." అని గ్రైండరు దగ్గర దుమ్ములో కూర్చున్న ఆమెని చూపించాడు.

ఆమెకి ఒక్క క్షణం ఏమీ బోధపడలేదు. ఆ ముక్క పీపాలో కదా పడింది? పెట్టెలోకి ఎలా వచ్చింది? దగ్గరికి వెళ్ళి చూస్తే తనదే. దాని మీద కొత్తగా గుద్దిన అంకె, మూడు.

ఇన్‌స్పెక్టరు ఇంకేమీ అడగలేదు. వెయ్యమన్నాడు. ఆమె తల్లి అద్దాన్ని తీగతో కట్టింది. అప్పటికే నిప్పురవ్వలు తగిలి అద్దం నిండా మశూచి మచ్చల్లా గుంటలు. రెండు రాడ్లు చెవి దగ్గర తగిలించి విని, హెల్మెట్ దించుకుంది. ముప్పావుగంట షెడ్డులో ఒకే ఒక చిటపట. మిగతావాళ్ళంతా తెరలు తీసి నిలబడ్డారు. అతుకు చల్లారాక ఇన్‌స్పెక్టరు తనే గోడ సందులో చెయ్యి పెట్టి, అద్దంలో చూసుకుంటూ చిట్టెం రాల్చాడు.

"దీన్ని కోసి వంచి చూస్తాను గానీ, నా కళ్ళకి ఇప్పుడే తెలుస్తోంది," అన్నాడు. "కానీ అమ్మాయి పేరు జాబితాలో లేదు. మాస్టారి సంతకం లేకుండా నేను కార్డు ఇవ్వలేను."

అందరి కళ్ళూ ఒకే మనిషి మీద. సంతకం పెట్టకపోతే ఇన్‌స్పెక్టరు దొంగ ముక్క సంగతి కాగితం మీద రాస్తాడు. పెడితే, ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టలేదన్నది తేలిపోతుంది.

మాస్టారు కలం తీశాడు. జాబితాని మోకాలి మీద పెట్టుకుని, ఆమెవైపు తల తిప్పకుండా, "నీ పేరేంటి?" అన్నాడు.

పధ్నాలుగు నెలల తర్వాత.

చెప్పింది. రాశాడు. కింద సంతకం గీకి, కాగితం ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టి, "ఇక అంచులెవరు అరగదీస్తారు? మీ తాతలొస్తారా?" అని మిగతావాళ్ళ మీద పడ్డాడు.

*

ఆ సాయంత్రం స్టోరు తాత ఆమెని పక్కకి పిలిచాడు. "ఆలోచించుకోవే. ఆయన నలభై ఏళ్ళుగా ఇనుం చూస్తున్నాడు. ఆ పొలుసులు చూస్తే అద్దం పనని ఆయనకి తెలియదా? ఆ ఇన్‌స్పెక్టరు కళ్ళెలాంటివో తెలియదా? పెట్టెలో పెట్టడానికి ఇంకో ముక్కే దొరకలేదా?"

"అంటే కావాలనే నాకోసం పెట్టాడంటావా?"

"నేనేమీ అనట్లేదు. మూడు నీ నెంబరే కదా ముందు."

ఇంటికెళ్ళి అదే తల్లికి చెప్పింది. తల్లి మిషను ఆపకుండానే వింది. "దొంగ దొరికిపోయాడు, అంతే. ఎవరిదో మంచి ముక్క అక్క కొడుక్కి అంటగట్టబోయి దొరికిపోయాడు. దొరికిన దొంగలో దేవుణ్ణి వెతక్కు."

"మరి బాగుందని తెలిస్తేనే కదా దొంగిలిస్తాడు?"

"బాగుందని తెలిసే కదే నిన్ను ఆపాడు!" అంది తల్లి. దారం తెగింది.

ఇద్దరి మాటా సరిగ్గానే ఉంది. అదే ఆమె బాధ. కార్డు వచ్చింది, పని వచ్చింది, పేరు వచ్చింది. ఆ సంతకం మాత్రం ఒంట్లో విరిగిన ముల్లులా ఉండిపోయింది. తనదగ్గర పని నేర్చుకునేవాళ్ళకి ఆవిడ ప్రతి తప్పూ వేలు పెట్టి చూపిస్తుంది, ఏ ముక్కనీ విసరదు. మంచి వెల్డర్లయ్యారు వాళ్ళు. అద్దం పని మాత్రం ఒక్కరికీ పట్టుబడలేదు. తల తిరుగుతోంది మేడమ్ అంటారు, సరే మానెయ్యమంటుంది. మానెయ్యమన్నందుకు తనమీద తనకే అనుమానం. పోనీ మాస్టారిలా చేద్దామా అని ఒకసారి ఒక పిల్ల ముక్కని పీపాలోకి విసిరింది. ఆ పిల్ల ముఖం చూసి తనే వంగి బయటికి తీసి, సారీ చెప్పింది.

*

మూడేళ్ళ కిందట మేనల్లుడు వీధిలో కనపడ్డాడు. వాడికిప్పుడు ఫోన్లు బాగుచేసే కొట్టు. మేడమీద ఒక గది; మావయ్య తనదగ్గరే ఉన్నాడని చెప్పాడు. ఆవిడ ఇంటికెళ్ళి, అలమర అడుగున ఉన్న ముక్కని తీసింది. పరీక్ష రోజు ఇన్‌స్పెక్టరే దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. పని పెట్టెలో వేసుకుని మెట్లెక్కింది.

"ఇవాళ మావయ్య బాగానే ఉన్నాడు. అంటే, తిడుతున్నాడు," అన్నాడు మేనల్లుడు తలుపు తీస్తూ.

కిటికీ పక్కన కుర్చీలో మాస్టారు మరీ పొట్టిగా ఉన్నాడు. చూపు దాదాపు పోయింది. అగ్గిపుల్ల ఉంది.

"ఎవరూ?"

"తొమ్మిదో గది, మాస్టారూ."

"తొమ్మిదో గది లేదు. ఎనిమిదే."

ఆవిడ ముక్కని ఆయన చేతిలో పెట్టింది. బొటనవేలు దానంతట అదే అతుకు చుట్టూ తిరిగింది. వెనకవైపు, రెండు వరసలు కలిసే చోట ఆగింది.

"ఇక్కడ తొందరపడ్డావు," అన్నాడు.

ఆయన తప్పు చెప్పడం అదే మొదలు.

"దీన్ని పీపాలోంచి తీసి వీడి పెట్టెలో ఎందుకు పెట్టారు మాస్టారూ?"

"ఎవడో ఒకడి పెట్టెలో పెట్టాలిగా."

"మూడని ఎందుకు గుద్దారు? వాడి నెంబరనా, నా నెంబరనా?"

"అది మూడో గది నెంబరు."

"ఆ ఇన్‌స్పెక్టరు గుర్తుపడతాడని తెలుసా మీకు?"

మాస్టారు అగ్గిపుల్లని ఇంకో బుగ్గలోకి మార్చాడు.

"పోనీ ఇదొక్కటి చెప్పండి. ఆ సంతకం భయపడి పెట్టారా?"

ఆయన కిటికీవైపు తిరిగాడు. అగ్గిపుల్ల ఆగిపోయింది. మేనల్లుడు కూడా కదలకుండా నిలబడ్డాడు. వాడికీ తెలుసుకోవాలనే ఉన్నట్టుంది.

"నీకు కార్డు వచ్చిందా, లేదా?"

"వచ్చింది."

"కార్డు వచ్చాక సంతకం ఎందుకు పెట్టావని అడిగే చిట్టెం నువ్వొక్కదానివే," అన్నాడు. చేతిలో ముక్కని ఒకసారి ఎగరేసి పట్టుకుని, పక్కకి విసిరాడు. నలభై ఏళ్ళ అలవాటు కాబోలు, చూపు లేకపోయినా గురి తప్పలేదు. చేతులు కడుక్కునే చోట ఉన్న ఇనప బక్కెట్లో పడింది. ఠంగ్.

"మావయ్యా, అది ఆవిడదీ!" అని అరిచాడు మేనల్లుడు.

"తెలుసు," అన్నాడు మాస్టారు.

ఆవిడ బక్కెట్లోంచి ముక్క తీసి తుడుచుకుని, చెప్పకుండానే బయటికి వచ్చేసింది. సగం మెట్లు దిగాక కూర్చుండిపోయింది. ముక్క చేతిలోనే ఉంది, తిప్పి చూస్తే సరిపోతుంది. అయినా పెట్టెలోంచి అద్దం తీసి, దాని వెనక పట్టింది. రెండు వరసలు కలిసే చోట ఒక పొలుసు మిగతావాటికన్నా కొంచెం పొడుగ్గా సాగి ఉంది. జాబితా కట్టేస్తారన్న కంగారులో వేసిన ముక్క. అక్కడ నిజంగానే తొందరపడింది.

"వెధవ," అంది పైకే.

మెట్లెక్కుతున్న ఒకాయన ఆగిపోయాడు. "నన్నా?"

"మిమ్మల్ని కాదండీ," అంది ఆవిడ. ఎవరినో చెబుదామని నోరు తెరిచి, చెప్పలేక, అద్దాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకుంది.